ఉప్పు కొఠారులో తూకం

ఈమధ్య మమ్మల్ని ఒక సముద్రపు ఒడ్డు రిసార్టుకి తీసుకెళ్లారు. మమ్మల్ని అంటే నన్నూ, మా అక్క సుభద్రనూ. తీసుకెళ్లినవాడు అక్క కొడుకు ప్రసాదు. మాదాపూర్‌లో ఉద్యోగం, తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో కాపురం. అంత ఎత్తున ఉండి కూడా ఊపిరాడటం లేదని వాడి ఫిర్యాదు. చీరాల దాటి, ఉప్పు మళ్లు దాటి, సరుగుడు తోటల వెనక ఎవరికీ కనబడని చోటు ఒకటి వెతికి పట్టుకున్నాడు. "అక్కడ ఫోన్లు పనిచేయవు పిన్నీ, అదే దాని స్పెషాలిటీ" అన్నాడు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కూడా పనిచేయవు, దానికి ఎవరూ డబ్బు అడగరు అన్నాను. వాడు నవ్వి, నా సంచి తీసుకెళ్లి కారులో పెట్టాడు.

మట్టి గోడల పాకలన్నారు గానీ, గోరుతో గీకి చూస్తే లోపల సిమెంటు. పైన తాటాకు, తాటాకు కింద రేకు, రేకు కింద ఏసీ. వాకిట్లో కుండలో నీళ్లు పోసి రాగి చెంబు బోర్లించారు, తాగడానికి మాత్రం సీసాలే ఇచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర జంటలు రెండు మూడు ఉన్నాయి. మొదటి పూట చెట్ల మధ్య ఊయలలో పడుకుని ఇదే జీవితమంటే అనుకున్నారు, రెండో పూటకి ఇసకదిబ్బ ఎక్కి చెయ్యి పైకెత్తి సిగ్నలు కోసం తిరిగారు. నేను వాళ్లని వెక్కిరించడం లేదు. పాతకాలం మీద నాకు మోజు లేదు, తాటాకు ఇంట్లో పడుకున్నదాన్ని కాబట్టి. తాటాకులో జెర్రులుంటాయి. వాన వస్తే ఆకు వాసన బట్టలకి పట్టి వారం దాకా వదలదు. ఈ సంగతి రిసార్టు వాళ్ల ఫొటోల్లో ఉండదు.

ఆ ఒడ్డు నాకు కొత్త కాదు. అక్కడికి రెండు మూడు మైళ్ల అవతల, నాకు తొమ్మిదేళ్లప్పుడు, దాదాపు నెలన్నర ఉన్నాను. కారులో నేను ఆ ఊసే ఎత్తలేదు. అక్కే ఎత్తింది. పక్కన కూర్చున్న మనవరాలు మేఘన చెయ్యి పట్టుకుని, "నన్ను గాలి మార్పుకి ఇక్కడికే తెచ్చారే. నీ వయసే నాకు. నీలాగే జ్వరం పడి లేచాను. నెలన్నర మేపినా రెండు కిలోలు కూడా రాలేదు. మన ఇంటి ఆడపిల్లల ఒళ్లంతే, పైకి బాగానే కనబడతాం, లోపల ఏమీ ఉండదు" అంది. మేఘన చెవుల్లో తీగలు పెట్టుకుని ఉంది గానీ పాట మోగడం లేదని దాని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. మేఘనకి పోయిన వానాకాలం డెంగ్యూ వచ్చి పది రోజులు ఆస్పత్రిలో ఉంది. జుట్టు ఊడింది, చిక్కింది, మళ్లీ తేరుకుంది. ఇప్పుడు పుణేలో బొమ్మలూ డిజైన్లూ నేర్పే కాలేజీలో సీటు వచ్చింది. వస్తామో రామో సోమవారం లోపల చెప్పాలి. అక్క వద్దంటోంది. ఏడాది ఆగమంటోంది. ప్రసాదు ఆఫీసులో నలభై మందికి పని చెప్పే మనిషే, తల్లి వద్దన్న పని మాత్రం ఈనాటికీ చేయడు. "అమ్మ ఆరోగ్యం అసలే అంతంతమాత్రం, ఇప్పుడు గొడవెందుకు" అంటాడు. వాడి భార్య స్వరూపది సంగారెడ్డి. కూతుర్ని పంపాలని ఆమెకుంది. కానీ అత్తగారి మాటకి అడ్డం చెప్పి, రేపు ఆవిడకి ఏమైనా అయితే ఆ పాపం తన నెత్తిన పడుతుందని భయం. మేము శుక్రవారం వెళ్లాం. ఆదివారం పొద్దున బయల్దేరి వచ్చేయాలి. అంటే ఆ పిల్ల సంగతి తేలడానికి ఉన్నవి ఆ రెండు రోజులే.

వాళ్లలో ఎవరికీ తెలియనిది నాకొకటి తెలుసు. అదేమిటో చెప్పాలంటే ఆ నెలన్నర గురించి చెప్పాలి.

మాది తెనాలి. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నా తర్వాత కవల పిల్లలు పుట్టారు, అమ్మ వాళ్ల చేతికి చిక్కింది, నేను అక్క చేతికి చిక్కాను. నాకు తల దువ్వింది, స్నానం చేయించింది, ఎక్కాలు చెప్పింది, అబద్ధమాడితే చెంప మీద ఒకటిచ్చింది కూడా అక్కే. పీయూసీ పరీక్షలు రాసిన వెంటనే దానికి టైఫాయిడ్ వచ్చింది. లేచేటప్పటికి చేతికున్న గాజులు మోచేతి దాకా జారేవి. గుంటూరు కాలేజీలో బీయస్సీకి సీటు రాసిపెట్టి ఉంది, హాస్టల్లో ఉండి చదవాలి. డాక్టరు గారు మందులతో పాటు గాలి మార్పు కూడా రాశారు. ఆ రోజుల్లో అది కూడా మందే. మా నాన్న బడిపంతులు, ఏ పనికైనా ఒక కొలత ఉండాలనే మనిషి. నలభై అయిదు కిలోలు తూగితే హాస్టలుకి పంపుతాను, లేకపోతే చదువు మాట మర్చిపో అన్నాడు. జూలై మొదటి వారం దాకా గడువు.

అలా మేము ముగ్గురం ఆ ఒడ్డుకి చేరాం. మూడో మనిషి మా మేనత్త కోటమ్మత్త. ఉప్పు వ్యాపారి ఒకాయన సరుగుడు తోటలో మూడు తాటాకు పాకలు వేయించి, మాలాంటి గాలిమార్పు వాళ్లకి ఇచ్చేవాడు. ఇప్పుడు రిసార్టు అంటున్నది దాన్నే అనుకోవచ్చు, ఊయల ఒక్కటీ తక్కువ. ఒక పాకలో ఉబ్బసం ఉన్న ముసలాయన ఉండేవాడు, ఒకటి ఖాళీ, ఒకటి మాది. కోటమ్మత్తకి నలభై దాటి ఉండవు గానీ అప్పటికే ముసలితనం మీద ఆమెకి గట్టి పట్టు ఉండేది. తెల్లవారగానే వాకిట్లో నిలబడి ముక్కు పైకెత్తి గాలిని వాసన చూసేది. తూర్పుగాలి అయితే అక్కని ఒడ్డుకి పంపేది, పడమటిగాలి అయితే పాకలోనే కూర్చోబెట్టి తడిక వేసేది. పడమటిగాలి పీల్చుకుంటుంది, తూర్పుగాలి పోస్తుంది అనేది. ఆ శాస్త్రం ఎక్కడిదో ఎవరం అడగలేదు.

రోజంతా అక్కకి తిండి పెట్టడమే మా పని. పొద్దున్నే చోడి జావ, తర్వాత దొరువు నీళ్లతో స్నానం. దొరువంటే ఇసకలో నడుంలోతు తవ్విన గుంట, సముద్రానికి అంత దగ్గరలో కూడా తియ్యటి నీళ్లు ఊరేవి, అది నాకు ఇప్పటికీ వింతే. పదింటికి పచ్చసొన పాలల్లో కొట్టి ఇచ్చేది అత్త. మధ్యాహ్నం చేప. పడవలు ఒడ్డుకి రాగానే గంపతో వెళ్లి నెత్తళ్లో కానాగంతలో తెచ్చి, చింతకాయ వేసి దాకలో పులుసు పెట్టేది. ఆ పులుసు కాగే వాసన, సరుగుడు ఆకు పొగ, ఎండుచేపల వాసన, కొబ్బరినూనె రాసిన అక్క తల, ఇవన్నీ కలిసిన వాసన ఒకటుంది. అది నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు, తగలాలని నేను వెతకనూ లేదు. సాయంత్రం ముంజలు. అక్క ఊడిన జుట్టుకి గుడ్డ కట్టుకుని ఇసకలో కూర్చుని నాకు కథలు చెప్పేది. ఇంట్లో దానికి ముగ్గురు పిల్లలం, వంట, చదువు. ఇక్కడ దానికి నేనొక్కదాన్నే. పుట్టిన తర్వాత అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. ఇది కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ఎందుకంటే దాని రోగం నాకు పండగైంది.

తూకం ప్రతి గురువారం. ఆ ఊళ్లో మనుషుల్ని తూచే మిషను లేదు. ఉప్పు బస్తాలు నిలవచేసే కొఠారులో మూడు దుంగలు నిలబెట్టి కట్టిన పెద్ద తక్కెడ ఉండేది. గొలుసులకి రెండు చెక్క పళ్లేలు వేలాడేవి, బస్తాలు తూచేవి. గుమస్తా శేషయ్య గారు అక్కని చెప్పులు విడిచి, ఉప్పుకి దణ్ణం పెట్టి ఎక్కమనేవాడు. ఉప్పు లక్ష్మి కదా. అక్క ఒక పళ్లెంలో మఠం వేసుకుని కూర్చుంటే ఇంకో పళ్లెంలో ఇనప రాళ్లు పెట్టేవాడు. మొదటి రాయి పెడుతూ ఒకటి అనడు, లాభం అంటాడు. ధాన్యం కొలిచినా ఉప్పు తూచినా మనవాళ్ల అలవాటు అది. అక్క ఆ మాటకి పక్కున నవ్వేది. నవ్వితే పళ్లెం ఊగేది. "ఏయ్ పాపా, నువ్వు ఆ పళ్లెం ఊగకుండా పట్టుకో" అన్నాడు ఆయన నాతో, మొదటి వారమే. అప్పటినుంచి అది నా ఉద్యోగం.

మొదటి గురువారం ముప్పై ఎనిమిది. నేను నిజంగానే పట్టుకున్నాను, ఎత్తలేదు. రెండో వారం పళ్లెం పట్టుకుంటే చేతికే తెలిసింది బరువు పెరిగిందని. ఆ పొద్దున్నే అత్త అంది, "ఇలా తింటే నెల తిరక్కుండా గుంటూరు పోతావే సుభద్రా" అని. అక్క ముఖం వెలిగిపోయింది. ఆ వెలగడం నాకు నచ్చలేదు. నలభై అయిదు వస్తే అక్క పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది, నేను తెనాలి వెళ్లి కవలల ఉయ్యాల ఊపాలి. నాకు తెలిసిన లెక్క అంతే. శేషయ్య గారు రాళ్ల వైపు చూస్తున్నాడు, అత్త ఆయన చేతుల వైపు చూస్తోంది. నేను చెక్క కింద రెండు చేతులూ పెట్టి మోకాలు ఆనించి కొంచెం ఎత్తాను. ముప్పై ఎనిమిదే వచ్చింది.

అలా నాలుగు వారాలు. ప్రతిసారీ ఎంత ఎత్తాలో చేతికి అలవాటైంది. అత్తకి అర్థం కాలేదు. బుగ్గలు నిండుతున్నాయి, గాజులు జారడం మానేశాయి, రాయి మాత్రం పెరగదు. పాపం తిండి ఇంకా పెంచింది. చివరికి దానికో పేరు పెట్టుకుంది. "ఇది నీటి కండ. పైకి కనబడుతుంది గానీ లోపల సత్తువ లేదు. లోబలహీనం" అంది. అలాగే కార్డు ముక్క మీద నాన్నకి రాయించింది. చేతిరాత బాగుంటుందని నా చేతే రాయించింది. లోబలహీనం అని నేనే రాశాను.

ఆఖరి గురువారానికి నాన్న వచ్చాడు. ఆ రోజు పళ్లెం ఎత్తడానికి నాకు భయం వేసింది, కానీ ఎత్తకపోతే ఒక్క వారంలో ఏడు కిలోలు ఎలా వచ్చాయని అడుగుతారు కదా అని ఇంకా భయం వేసింది. దొంగకి ఒక్కసారితో పని అయిపోదు. ఎత్తాను. ముప్పై తొమ్మిది. నాన్న కోప్పడలేదు. అక్క తల మీద చెయ్యి వేసి, "పోనీలేమ్మా, ఒంటికంటే చదువు ఎక్కువా" అన్నాడు. అక్క ఏడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నా చెయ్యి పట్టుకుంది. నాకు కావలసింది దొరికింది. తెనాలి వెళ్లాక హాస్టలు కోసం కుట్టించిన రెండు లంగాలు నాకు పొట్టి చేసి ఇచ్చేసింది, ఎలాగూ తనకి పనికిరావని.

నేను చేసిందేమిటో నాకు పన్నెండో ఏటికి అర్థమైంది. అప్పటికి అక్కకి సంబంధం కుదిరింది. మంచి మనిషి దొరికాడు, ఆ విషయంలో ఎవరికీ ఏ లోటూ లేదు. చెప్పాలనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను. చేసిన తప్పు చిన్నప్పటిది, పోయింది ఒక కాలేజీ సీటు, అలాంటివి ఎంతమందికి పోలేదు అని సమాధానం చెప్పుకున్నాను. నా సమాధానం నాకు చాలా ఏళ్లు సరిపోయింది. నేను యమ్మే చదివాను, గుంటూరులోనే, అదే హాస్టల్లో ఉండి. అక్క అటుకులూ సున్నుండలూ పంపేది.

కానీ పోయింది సీటు ఒక్కటే కాదని రిసార్టులో కూర్చుని చూస్తుంటే తెలిసింది. యాభై ఏళ్లకి పైగా చూస్తున్నదే, లెక్క వేసి చూడలేదు. బావగారు కాశీ తీసుకెళ్తానంటే నా వల్ల కాదంది. బడిలో టీచరు పని వస్తే నిలబడలేనని వదులుకుంది. రెండో బిడ్డ వద్దనుకుంది, ఒళ్లు ఓర్వదని. ఇంట్లో బరువైన చెంబు కూడా ఎత్తదు, ఎత్తనివ్వరు. మేము అందరం దాని వెనకే శాలువాతో, నీళ్ల సీసాతో నడుస్తాం. తమాషా ఏమిటంటే దానికి డెబ్భై దాటినా బీపీ లేదు, షుగరు లేదు. అవి రెండూ నాకున్నాయి.

శనివారం పొద్దున అలల దగ్గరికి వెళ్దామని స్వరూప పిలిచింది. "ఎప్పుడూ గిట్ల కుర్చీల కూసుంటే ఎట్ల అత్తమ్మా? జర నాలుగడుగులు నడువుండ్రి, నేను పట్టుకుంట" అంది.

"నా వల్ల కాదమ్మా. మీరు వెళ్లి రండి" అంది అక్క. తర్వాత అటు నడుస్తున్న మేఘనని చూస్తూ, "దాన్నీ నీళ్లలోకి పోనివ్వకు. అసలే లోబలహీనం" అంది.

ఆ మాట నేను రాసిన మాట. వాళ్లందరూ వెళ్లాక, వసారాలో నేనూ అక్కా మిగిలాం. ధైర్యం వచ్చి చెప్పానని చెప్పను. ఆ పిల్ల వీపు మీద కూడా ఆ మాట ఎక్కడం చూడలేకపోయాను, అంతే.

"అక్కా, ఉప్పు కొఠారులో నేను పళ్లెం పట్టుకునేదాన్ని, గుర్తుందా?"

"లేకేం. శేషయ్య గారు నీకు ఉప్పురాయి ఇచ్చేవాడు నాకమని."

"నేను దాన్ని కింద నుంచి ఎత్తాను. నువ్వు బరువు రాకూడదని. వస్తే గుంటూరు వెళ్లిపోతావని."

అక్క నా వైపు తిరగలేదు. ఒడ్డు వైపే చూస్తోంది. "ఎన్నిసార్లు?" అంది.

"నాలుగు. నాన్న వచ్చినరోజుతో కలిపి అయిదు."

"అసలు ఎంత ఉన్నానో తెలుసా?"

"తెలీదు. చివర చివర బాగా బరువుగా ఉండేదానివి. నా మోకాలు నొప్పి పుట్టేది."

తిట్టలేదు. తిడుతుందని నేను ఎదురుచూశాను, చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది. కాసేపటికి లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మధ్యాహ్నం అందరితో కలిసి భోజనానికి కూర్చుంది. చేపల పులుసు వడ్డించారు, చింతకాయ కాదు, ఏదో పొడి వేశారు. రెండు ముద్దలు తిన్నాక ప్రసాదుతో, "పిల్లని పుణే పంపించరా" అంది.

వాడు చెయ్యి ఆపి, "అదేంటమ్మా, నువ్వేగా..." అన్నాడు.

"నేనే అన్నాను. నాకు తెలీక అన్నాను. దానికేం లేదు. పంపించు."

మేఘన కంచం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తోనే అక్కని కావలించుకుంది. స్వరూప నా వైపు చూసింది. ఏం చెప్పానని ఇప్పటిదాకా అడగలేదు, నేనూ చెప్పలేదు. అందరికీ చెప్పాల్సిన విషయమో కాదో అక్క ఇష్టం.

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఆరేడు గంటల దారి. అక్క నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం మాట్లాడకపోవడమే అయితే అది కోపమే. దారి పొడుగునా అది కిటికీలోంచి చూస్తూనే ఉంది, మధ్యమధ్య తన మణికట్టు తనే చేత్తో కొలుచుకునేది, చుట్టూ వేలు వేసి. గాలి మార్పుకి వెళ్లిన మనుషులు అప్పట్లో ఎంత మారి వచ్చేవారో నాకు తెలీదు. ఇప్పుడు పాకలున్నాయి, చేపలున్నాయి, ఫోను మోగని నిశ్శబ్దం కూడా అమ్ముతున్నారు, మనిషిని తూచడానికి కొఠారుకి పోనక్కర్లేదు, ప్రతి స్నానాలగదిలో ఒక మిషను ఉంది. దాన్ని కింద నుంచి ఎత్తడానికి వీల్లేదు. ఒక్క ఆ సంగతిలో ఈ కాలమే మంచిదంటాను.

ఎండ ఇంకా ఉండగానే తెల్లాపూర్ చేరాం. నన్ను కొండాపూర్‌లో దింపి వస్తానని ప్రసాదు ఇంజను ఆపలేదు. స్వరూప ఎప్పటిలాగే దిగి అక్క వైపు తలుపు తీసి చెయ్యి అందించింది. అక్క ఆ చెయ్యి పట్టుకోకుండానే దిగింది. నాలుగడుగులు వెళ్లి, వెనక్కి వచ్చి, నా కిటికీ దగ్గర వంగింది. అద్దం దించాను.

"బుజ్జీ, అయితే అప్పుడు నాకేం లేదన్నమాట" అంది.

"లేదక్కా."

"బాగానే ఉన్నానన్నమాట."

"బాగానే ఉన్నావు."

ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. ఇంత వయసు మనిషి ముఖం మీద పదిహేడేళ్ల పిల్ల దేనికోసమో వెతుక్కుంటున్నట్టు కనిపించి, నేనే కళ్లు దించుకున్నాను. అక్క డిక్కీ తెరిపించి, స్వరూప వద్దంటున్నా వినకుండా, తన సంచి తనే ఎత్తుకుని లోపలికి వెళ్లింది.